తనంతట తనే సర్దుకునే డీబీఎస్: నాన్నగారికి అదే పెట్టించాలా, మామూలుది సరిపోతుందా?

రాజోలు_గట్టు అడిగారు:

నమస్కారం అండి. నాన్నగారికి 63 ఏళ్లు, పార్కిన్సన్స్ మొదలై పదో ఏడు. సిన్డోపా ప్లస్ (లెవోడోపా ఉన్న మాత్ర) రోజుకి ఆరుసార్లు వేస్తున్నాం. మాత్ర వేసిన ముప్పావుగంటకి లేచి నడుస్తారు. ఆ తర్వాత గంటన్నర బాగుంటుంది. అందులోనే కాసేపు మెడా భుజాలూ మెలికలు తిరుగుతాయి. మందు దిగాక మళ్లీ కొయ్యలా బిగుసుకుపోతారు. రోజు మొత్తమ్మీద మూడు గంటలకు పైనే అలా పోతోంది. వణుకు తక్కువ, బిగుసుకోవడమే ఎక్కువ.

డీబీఎస్, అంటే మెదడులో సన్నని వైర్లు పెట్టి కరెంటు ఇచ్చే చికిత్స, చేయించుకోవచ్చని న్యూరాలజిస్టు గారు అన్నారు. అందులో మామూలుది ఒకటీ, మెదడు సిగ్నల్ చూసుకుని తనంతట తనే కరెంటు తగ్గించి పెంచుకునేది ఒకటీ ఉన్నాయన్నారు. రెండోదానికి ఖర్చు ఎక్కువ. దానికి అంత పెట్టొచ్చా? మాది లంక ఊరు, పంటు మీద గోదారి దాటి వెళ్లాలి. ఎన్నిసార్లు ఆసుపత్రికి తిరగాలి? తుపాను వచ్చి నాలుగు రోజులు కరెంటు పోతే చార్జింగ్ సంగతేంటి? ఈయనకి ఇది పనిచేస్తుందని ముందే తెలుసుకునే దారి ఉందా? తెలిసినవాళ్లు చెప్పండి.

ప్రోగ్రామింగ్_కాకినాడ జవాబు:

రాజోలు గారూ, ముందు ఒక ముడి విప్పుకుందాం. ఆపరేషన్ రెండింటికీ ఒకటే. తలలో రెండు పక్కలా సబ్‌థాలమిక్ న్యూక్లియస్ అనే చిన్న గుత్తిలోకి సన్నని లీడ్ వైర్లు దించుతారు. అక్కణ్ణించి చెవి వెనకగా మెడ చర్మం కింద ఇంకో వైరు వస్తుంది, ఛాతీలో కాలర్ ఎముక కింద బ్యాటరీ పెడతారు. 1987లో గ్రెనోబుల్‌లో డాక్టర్లు బెనాబిడ్, పోలాక్ థాలమస్‌లో మొదలుపెట్టి, 1993లో సబ్‌థాలమిక్‌కి తెచ్చిన పద్ధతే ఇది. కొత్తదనం అంతా ఆ బ్యాటరీ డబ్బాకి వినడం కూడా రావడంలో ఉంది.

మామూలు డీబీఎస్‌లో సెకనుకి 130 పల్సులు, ఒక్కొక్కటి 60 మైక్రోసెకన్లు, రెండు మూడు మిల్లీయాంపియర్లు. ఇవి సాధారణంగా కనిపించే అంకెలు. ఒకసారి సెట్ చేస్తే పగలూ రాత్రీ అంతే. కాలవ భాషలో చెప్పాలంటే, తూము షట్టరు ఒకే ఎత్తుకి లేపి, నీళ్లు వదిలే లస్కరు ఇంటికి వెళ్లిపోయినట్టు. ఎగువ నుంచి నీరు ఎంతొచ్చినా షట్టరు కదలదు. నాన్నగారి విషయంలో ఎగువ నీరు అంటే మాత్ర. మందు బాగా ఎక్కిన గంటలో కరెంటు కూడా పూర్తిగా ఉంటే గట్టు పొర్లుతుంది, అంటే మెలికలు. మందు దిగాక అదే కరెంటు చాలదు.

అడాప్టివ్‌లో, అంటే తనంతట తనే సర్దుకునేదాంట్లో, లస్కరు అక్కడే నిలబడి స్కేలు చూస్తూ షట్టరు తిప్పుతుంటాడు. ఆ స్కేలే బీటా తరంగం. సబ్‌థాలమిక్ న్యూక్లియస్‌లో 13 నుంచి 30 హెర్ట్జ్ మధ్య లయ ఉంటుంది. మందు లేనప్పుడు, కండరాలు బిగుసుకున్నప్పుడు అది పెరుగుతుంది. లెవోడోపా పడ్డాక తగ్గుతుంది. అది మైక్రోవోల్ట్ లెక్కలో ఉండే సిగ్నల్. వోల్టులో పది లక్షల వంతు. పక్కనే దానికన్నా ఎన్నో రెట్ల పెద్ద పల్సులు కొడుతుండగా ఆ కాస్త సిగ్నల్‌ని వినాలి. ఈ చికిత్సలో కష్టమంతా అక్కడే, మీ ప్రశ్నలకి జవాబు కూడా అందులోంచే వస్తుంది.

వినడం ఎలాగో చూడండి. లీడ్ చివర నాలుగు మెట్లుగా కాంటాక్టులు ఉంటాయి: 0, 1, 2, 3. కరెంటు 1 నుంచి ఇస్తే దానికి అటూ ఇటూ ఉన్న 0, 2 మధ్య తేడాని వింటారు. కరెంటు 2 నుంచి అయితే 1, 3 వింటాయి. రెండు పక్కలా సమానంగా పడే పల్సు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది, మెదడు సిగ్నల్ మిగులుతుంది. దీని అర్థం ఏంటంటే, కరెంటు నడిమి మెట్ల నుంచే ఇవ్వాలి. నాన్నగారికి బాగా పనిచేసే చోటు అడుగున ఉన్న 0 దగ్గరో, పైన 3 దగ్గరో పడిందనుకోండి, ఆ పక్క వినడం కుదరదు. అప్పుడు అడాప్టివ్ కోసం మంచి చోటు వదులుకోకూడదు. మామూలుగా నడపడమే మేలు. కాబట్టి లీడ్ దించేటప్పుడే నడిమి మెట్లు సరైన చోట ఉండేలా చూడమని సర్జన్ గారిని ముందే అడగండి.

ఇక షట్టరు తిప్పే పద్ధతులు రెండు. ఒకదాంట్లో స్కేలు మీద ఒకే గీత. బీటా గీత దాటితే కరెంటు పెరుగుతుంది, కిందికొస్తే తగ్గుతుంది, ఇదంతా సెకను లోపల. రెండోదాంట్లో రెండు గీతలు. పై గీత దాటితే మెల్లగా పెరుగుతుంది, కింది గీత దిగితే మెల్లగా తగ్గుతుంది, మధ్యలో ఉంటే ఉన్నచోటే ఆగుతుంది. ఇది నిమిషాల మీద నడుస్తుంది. మాత్ర ఎక్కడం దిగడం మీద ఆధారపడే నాన్నగారి లాంటి వారికి రెండు గీతల పద్ధతి అతుకుతుందని నా అంచనా. ఏది పెట్టినా కరెంటుకి కనిష్ఠం, గరిష్ఠం ప్రోగ్రామర్ (పరికరం సెట్టింగులు పెట్టేవారు) కడతారు. ఉదాహరణకి 1.8 నుంచి 2.8 మిల్లీయాంపియర్లు. యంత్రం ఆ హద్దు దాటదు. గరిష్ఠం దగ్గర మాట ముద్దకాకూడదు, మూతి లాగకూడదు. కనిష్ఠం దగ్గర కూడా మనిషి లేచి బాత్రూముకి వెళ్లగలగాలి. ఈ రెండూ క్లినిక్‌లో మనిషిని నడిపించి, మాట్లాడించి చూసుకున్నాకే గీతలు గీయాలి.

తప్పులు ఎక్కడ దొర్లుతాయో కూడా చెప్తాను.

గుండె సిగ్నల్ కలవడం ఒకటి. ఈసీజీ మెదడు సిగ్నల్ కంటే చాలా పెద్దది. బ్యాటరీ ఎడమ ఛాతీలో ఉంటే ఇది ఎక్కువ, అందుకని కుడివైపు పెడితే మంచిది. మీ వాళ్లు కుడి చేత్తో పనిచేస్తారు కాబట్టి ఎడమవైపు పెడదాం అంటే ఈ కారణం చెప్పి ఒకసారి ఆలోచించమనండి.

గీత తప్పు చోట పడటం రెండోది. గీత మరీ కిందికి పెడితే బీటా ఎప్పుడూ దాని పైనే ఉంటుంది, కరెంటు ఎప్పుడూ గరిష్ఠం దగ్గర ఆగిపోతుంది. అది మామూలు డీబీఎస్సే, ఖర్చు మాత్రం ఎక్కువ. మరీ పైకి పెడితే ఎప్పుడూ కనిష్ఠం దగ్గరే పడి ఉంటుంది, మనిషి రోజంతా బిగుసుకుపోతారు. ఈ తప్పు పట్టుకోవడానికి పరికరంలోనే దారి ఉంది. అది ప్రతి 10 నిమిషాలకీ బీటా, కరెంటు సగటు రాసుకుని 60 రోజులు దాచిపెడుతుంది. చూపించుకోవడానికి వెళ్లినప్పుడు ఆ గ్రాఫ్ తీయించండి. కరెంటు గీత పగలు మాత్రల వేళలకి తగ్గట్టు ఎక్కుతూ దిగుతూ ఉండాలి. పైనో కిందో తాడు కట్టినట్టు తిన్నగా ఉంటే గీత సరిగా పడలేదన్నమాట.

మూడోది నిద్ర. నిద్రలో బీటా తగ్గుతుంది. దాంతో కరెంటు కనిష్ఠానికి వెళ్తుంది. తెల్లారుజామున మాత్ర ప్రభావం కూడా ఉండదు. నాలుగింటికి లేచేసరికి కాలు కదలదు. దీనికి విరుగుడు కరెంటు కనిష్ఠాన్ని కాస్త పెంచడం. ఎంత పెంచాలో రాత్రి ఎన్నింటికి లేచారు, పక్క మీద తిరగగలిగారా అని మీరు రాసిచ్చే కాగితం మీద ఆధారపడుతుంది.

ఇవన్నీ ఎందుకు చెప్తున్నానంటే, అడాప్టివ్ పెట్టాక ఆసుపత్రికి తిరగడం తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. మొదటి ఆరు నెలల్లో తగ్గదు, పెరుగుతుంది. ఆపరేషన్ అయిన కొత్తలో లీడ్ దిగినచోట వాపు వల్లే మనిషి కొన్నాళ్లు బాగుంటారు, సిగ్నల్ కూడా నిలకడగా ఉండదు. అందుకని మూడు నాలుగు వారాలాగి మొదటి ప్రోగ్రామింగ్ చేస్తారు. చాలా చోట్ల ముందు మామూలు పద్ధతిలో స్థిరపరిచి, సిగ్నల్ కుదిరాక అడాప్టివ్‌కి మారుస్తారు. నేనైతే అదే సరైన వరస అంటాను.

అత్తిలి_ఫిజియో జవాబు:

పై జవాబు పూర్తిగా ఉంది. ఇంటి దగ్గర జాగ్రత్తల్లో ప్రాణం మీదకి వచ్చేవి మాత్రం రాస్తాను.

అన్నిటికంటే ముందు డయాథెర్మీ. భుజం నొప్పి, నడుం నొప్పి అని మన ఊళ్ల ఫిజియో సెంటర్లకి వెళ్తే షార్ట్‌వేవ్ డయాథెర్మీ (తరంగాలతో లోపలి కండని వేడిచేసే చికిత్స) పెడతారు. డీబీఎస్ ఉన్న మనిషికి అది ఎక్కడా పెట్టకూడదు. మోకాలికి కూడా వద్దు, పరికరం ఆపేసి ఉన్నా వద్దు. ఆ శక్తి లీడ్ వైరు పట్టుకుని తలలోని కొస దగ్గర వేడై మెదడుని కాలుస్తుంది. మైక్రోవేవ్ డయాథెర్మీ, నొప్పికి పెట్టే అల్ట్రాసౌండ్ కూడా ఇదే లెక్క. కడుపు స్కానింగ్‌కి వాడే అల్ట్రాసౌండ్ వేరు, దాంతో సాధారణంగా ఇబ్బంది లేదు, ప్రోబ్ బ్యాటరీ మీద పెట్టకుండా ఉంటే చాలు. నాన్నగారి జేబులో పరికరం కార్డు ఎప్పుడూ ఉండాలి, దాని వెనక తెలుగులో 'డయాథెర్మీ పెట్టకూడదు' అని మీ చేత్తో రాసి అతికించండి.

పళ్లకైనా, హెర్నియాకైనా, కంటికైనా ఏ ఆపరేషన్‌కి వెళ్లినా కార్డు చూపించాలి. కాటరీ (కోసినచోట రక్తం ఆపడానికి కరెంటుతో కాల్చడం) వాడాల్సి వస్తే, కరెంటు రెండు కొసల మధ్యే తిరిగే బైపోలార్ రకం వాడమనాలి. ఎంఆర్ఐ తీయాలంటే ఆ మోడల్‌కి అనుమతి ఉన్న షరతుల్లోనే, ముందు పరికరాన్ని ఎంఆర్ఐ మోడ్‌లోకి మార్చి తీయాలి. పక్క ఊరి సెంటర్లో 'ఏం కాదులెండి' అంటే లేచి వచ్చేయండి.

రెండోది నీళ్లు. గోదారి గట్టున పుట్టినవాళ్లకి ఈత రాదంటే నమ్మరు. కానీ ఈత బాగా వచ్చిన 9 మంది డీబీఎస్ తర్వాత ఈత కొట్టలేకపోయారని జ్యూరిచ్ డాక్టర్లు 2019లో ప్రచురించారు. చేతులూ కాళ్లూ విడివిడిగా బాగానే కదిలాయి, నీళ్లలో రెండూ కలిపి ఆడించడమే పోయింది. వారిలో కొందరికి పరికరం ఆపగానే మళ్లీ వచ్చింది. మనిషి బాగయ్యాక పుష్కర ఘాట్‌లోనో, కాలవ రేవులోనో మునకేస్తానంటారు. మెట్టు మీద కూర్చుని చెంబుతో పోసుకోమనండి. పంటు ఎక్కేటప్పుడు లైఫ్ జాకెట్ వేయండి, మధ్యలో కూర్చోబెట్టండి. రొయ్యల చెరువు గట్టు మీద ఒంటరిగా పంపొద్దు.

వెల్డింగ్ షాపులో నిలబడొద్దు. ఇండక్షన్ పొయ్యి మీదకి వంగి ఛాతీ ఆనించొద్దు. సినిమా హాల్లో, గుళ్లో మెటల్ డిటెక్టర్ ఉంటే కార్డు చూపించి పక్క నుంచి వెళ్లండి. తప్పకపోతే ఆగకుండా మధ్యగా దాటాలి.

ఒక మందు సంగతి కూడా. వాంతులైతే ఆర్ఎంపీ దగ్గర మెటోక్లోప్రమైడ్ ఇంజెక్షన్, కళ్లు తిరిగితే స్టెమెటిల్ మాత్ర ఇస్తారు. రెండూ మెదడులో కదలికకి కావలసిన డోపమైన్‌ని అడ్డుకుంటాయి, పార్కిన్సన్స్ ఉన్న మనిషిని రెండ్రోజుల్లో మంచాన పడేస్తాయి. డీబీఎస్ ఉన్నా అంతే. అప్పుడు ఇంట్లోవాళ్లు మిషన్ పాడైందనుకుని హైదరాబాద్ పరిగెడతారు. ముందు ఏ మాత్ర కొత్తగా వేశారో చూడండి.

నిడదవోలు_పాఠకుడు జవాబు:

ఖర్చు సంగతి తేల్చడానికి రుజువు ఎంతవరకు ఉందో కూడా చూడాలండి. యూరప్‌లో 2025 జనవరిలో, అమెరికాలో 2025 ఫిబ్రవరిలో మెడ్‌ట్రానిక్ అనే పరికరాల కంపెనీ వారి అడాప్టివ్ పద్ధతికి అనుమతి వచ్చింది. దాని వెనక ఉన్న అడాప్ట్-పీడీ పరీక్షలో పాల్గొన్నవాళ్లు అప్పటికే మామూలు డీబీఎస్‌తో నిలకడగా ఉన్నవాళ్లు. అడాప్టివ్ సురక్షితమనీ, ఎక్కువమందిలో పాతదానితో వచ్చిన మేలు నిలిచిందనీ అది చూపింది. మామూలుదానికన్నా ఖచ్చితంగా మెరుగని తేల్చడానికి కట్టిన పరీక్ష కాదది. అంతకుముందు 2024లో శాన్‌ఫ్రాన్సిస్కో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్లు నలుగురి మీద చేసిన పనిలో, ఒక్కొక్కరిని ఎక్కువ బాధించే లక్షణం ఉండే సమయం సుమారు సగానికి తగ్గింది. ఆశ పుట్టించే ఫలితమే, కానీ నలుగురే. వాళ్లు వాడింది పరిశోధన పరికరం. ఒక్కొక్కరికీ విడిగా సిగ్నల్ వెతికి కూర్చారు.

అందుకని నా మాట ఇది: అడాప్టివ్ కోసం ఆపరేషన్ వాయిదా వేయొద్దు, అడాప్టివ్ ఉందని ఆపరేషన్ అక్కర్లేనివాళ్లు చేయించుకోవద్దు. డీబీఎస్ ఏం ఇవ్వగలదో ముందు తేల్చుకోండి. మాత్ర బాగా పట్టిన వేళ నాన్నగారు ఎలా ఉంటారో, డీబీఎస్ తర్వాత ఎక్కువసేపు అలా ఉంటారు. వణుకు తప్ప, మాత్రకి లొంగనిది కరెంటుకీ లొంగదు. మాత్ర బాగా పనిచేస్తుండగానే నడకలో తూలి పడటం, మాట గొణుగుడు, మతిమరుపు ఉంటే అవి పోవు, మాట ఇంకాస్త తగ్గొచ్చు కూడా. మీరు రాసింది చూస్తే ఆయన బాధ మందు ఎక్కడం దిగడం చుట్టూనే ఉంది. డాక్టర్లు 5-2-1 అని ఒక గుర్తు వాడతారు: రోజుకి 5 సార్లు లెవోడోపా, 2 గంటలు బిగుసుకోవడం, 1 గంట ఇబ్బంది పెట్టే మెలికలు. వీటిలో ఏదొకటి ఉన్నా మాత్రలు దాటి ఆలోచించాలని. మీకు మొదటి రెండూ ఉన్నాయి.

కొటేషన్ రాతపూర్వకంగా తీసుకోండి. అందులో నాలుగు సంగతులు విడిగా ఉండాలి: పరికరం మోడల్ పేరు, అది చార్జింగ్‌దా కాదా, అడాప్టివ్ సాఫ్ట్‌వేర్ ఇక్కడ మీ పరికరంలో తెరిచి ఇస్తారా, మొదటి ఏడాది ప్రోగ్రామింగ్ ఫీజు అందులోనే ఉందా. వినగలిగే పరికరం పెట్టి, అడాప్టివ్‌ని తర్వాత సాఫ్ట్‌వేర్‌తో తెరిచే వీలుంటే, నాకు నచ్చే దారి అది. రెండోసారి కోయక్కర్లేదు.

రాజోలు_గట్టు:

ఇంత ఓపిగ్గా చెప్పినందుకు చాలా థాంక్స్ అండి. తుపాను సంగతి ఎవరూ చెప్పలేదు. ఇంకోటి, ముందు పరీక్ష కోసం రాత్రి మాత్రలు ఆపి రమ్మన్నారు. కారులో అయిదారు గంటలు ఆయన్ని అలా తీసుకెళ్లడం ఎలా?

ప్రోగ్రామింగ్_కాకినాడ జవాబు:

బ్యాటరీ రెండు రకాలు. చార్జింగ్ అక్కర్లేనిది అయిదేళ్ల ప్రాంతంలో మార్చాలి. అది చిన్న ఆపరేషనే, తల జోలికి వెళ్లరు. కరెంటు ఎక్కువ వాడే మనిషికి ఇంకా ముందే అయిపోతుంది. చార్జింగ్‌దైతే పదిహేనేళ్లు వస్తుంది, కానీ ఇంట్లో ఒకరు క్రమం తప్పకుండా ఛాతీ మీద చార్జర్ పెట్టాలి. ఆ బాధ్యత తీసుకునే మనిషి ఎవరో ముందు తేల్చుకోండి, అమ్మగారికి ఆ పని వస్తుందా చూడండి. తుపాను హెచ్చరిక రాగానే పరికరం, చార్జర్, చేతిలో ఉండే కంట్రోలర్ మూడూ నిండా పెట్టేయండి. నిండా ఉంటే కొన్ని రోజులు నడుస్తుంది, ఎన్నో నాన్నగారి సెట్టింగ్ చూసి ప్రోగ్రామర్ లెక్క చెప్తారు, అడిగి గోడ మీద రాసుకోండి. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే చార్జర్‌కి అది చాలు. కంట్రోలర్ ఆరిపోయినా ఛాతీలోది ఆగదు, పాత సెట్టింగ్‌తో నడుస్తూనే ఉంటుంది.

పరికరం హఠాత్తుగా పూర్తిగా ఆగిపోవడం మాత్రం అత్యవసరం. విపరీతమైన బిగుతు, జ్వరం, అయోమయం కనిపిస్తే నీళ్లు తగ్గేదాకా చూద్దాం అనుకోకూడదు, పడవ పిలిపించాల్సిందే. ఇందుకే సబ్‌థాలమిక్ ఆపరేషన్ తర్వాత మాత్రలు మూడో వంతు నుంచి సగం దాకా తగ్గినా, పూర్తిగా మానేయరు. ఇంట్లో ఎప్పుడూ రెండు వారాల మాత్రలు మిగులు ఉంచండి.

ప్రోగ్రామర్ దగ్గర ఇంకో మాట అడగండి. పరికరంలో గ్రూపులు ఉంటాయి. ఒక గ్రూపులో అడాప్టివ్, ఇంకో గ్రూపులో మీకు కుదిరిన మామూలు స్థిరమైన సెట్టింగ్ పెట్టించండి. అడాప్టివ్ తేడా చేస్తే మీ కంట్రోలర్‌తో మీరే రెండో గ్రూపుకి మార్చుకోవచ్చు, పంటు దాటక్కర్లేదు. ఎలా మార్చాలో అక్కడే రెండుసార్లు మీ చేత చేయించమనండి.

ఇక పరీక్ష. దాని పేరు లెవోడోపా ఛాలెంజ్. ముందే తెలుసుకునే దారి ఉందా అన్నారు కదా, ఉన్నవాటిలో గట్టిది ఇదే. 12 గంటలు మందు లేకుండా ఉంచి ఒకసారి కదలికలకి మార్కులు వేస్తారు, తర్వాత పొద్దున వేసే మోతాదుకి సుమారు ఒకటిన్నర రెట్లు ఇచ్చి మళ్లీ వేస్తారు. కనీసం 30 శాతం మెరుగు కనపడాలి. మతిమరుపు పరీక్ష, మనసు స్థితి, ఎంఆర్ఐ విడిగా ఉంటాయి.

మందు ఆపి కారెక్కించొద్దు. ముందు రోజు మధ్యాహ్నం మాత్రల మీదే ప్రయాణం చేసి, ఆసుపత్రికి నడిచి వెళ్లేంత దగ్గర్లో గది తీసుకోండి. కింది అంతస్తు అడగండి. చివరి మాత్ర రాత్రి 8 గంటలకి వేసి, పరీక్ష పొద్దున 8కి పెట్టించుకోండి. రాత్రి యూరిన్ బాటిల్ మంచం పక్కనే ఉంచండి, ఆయన్ని లేపి నడిపించొద్దు. ఎక్కువసేపు పనిచేసే మందులు ఏవైనా వాడుతుంటే, ప్రామిపెక్సోల్, రోపినిరోల్ లాంటివి, ఎప్పుడు ఆపాలో డాక్టరు గారే చెప్పాలి. పొద్దున పరీక్షకి ముందు ఇడ్లీ, పప్పు, గుడ్డు వద్దు. మాంసకృత్తులు లెవోడోపా పేగులోంచి ఎక్కకుండా పోటీ పడతాయి, మెరుగు తక్కువ కనపడుతుంది. వికారం వస్తుందనుకుంటే డోమ్‌పెరిడోన్ ముందే వేయమని అడగండి. పెద్ద మోతాదు పడ్డాక బీపీ దిగుతుంది, ఒక్కసారిగా లేవనివ్వొద్దు.

ఇంకొకటి ఎవరూ అడగరు, మీరే చెప్పాలి. నాన్నగారు ఆయుర్వేదం చూర్ణం ఏదైనా వాడుతున్నారా? అందులో దూలగొండి గింజల పొడి ఉంటే అది కూడా లెవోడోపానే. రాత్రి పాలలో కలిపి తాగితే మాత్రలు ఆపినా మందు ఆపినట్టు కాదు, పొద్దున మొదటి మార్కులే తప్పు పడతాయి. డబ్బా మీద ఏముందో ఫోటో తీసి పట్టుకెళ్లండి.